పదకొండో తూకం

ఫిజిక్స్‌లో డాక్టరేటు చేసినవాళ్లు కంపెనీ ఉద్యోగానికి ఎలా తయారుకావాలో కాస్త రాయమని మా పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఒకరు అడిగారు. "మీరు ప్లేస్‌మెంట్ సెల్ చూసిన్రు గద సార్, మీకు తెలుస్తది" అన్నారు. నిజమే, రిటైరయ్యే ముందు మూడేళ్లు చూశాను. ఆ మూడేళ్లలో డాక్టరేటు ఉన్నవాళ్లను తయారుచేసి పంపింది ఒక్కరిని. ఆ ఒక్కరినీ తప్పుగా తయారుచేశాను. కాబట్టి ఈ విషయంలో నాకు అనుభవం లేదని ఎవరూ అనలేరు.

ముందు నా అలవాటు ఒకటి చెప్పాలి. అది తెలియకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. నేను డైరీ రాస్తాను. ఉద్యోగంలో చేరిన ఏడు మొదలుపెట్టి ఇప్పటిదాకా ఒక్కరోజు కూడా మానలేదు. చొక్కా జేబులో ఎప్పుడూ నాలుగు మడతల చిత్తు కాగితం ఒకటి ఉంటుంది. పొద్దంతా అందులో గీకుతాను. బస్సు ఎన్నింటికి వచ్చింది, ఎవరు ఏమన్నారు, నాకు ఎవరి మీద కోపం వచ్చింది, అన్నీ. మర్నాడు పొద్దున పాలు కాగేలోపు కూర్చుని దాన్ని డైరీలోకి సాపు చేస్తాను. వాక్యాలు సరిచేస్తాను, అనవసరం అనిపించినవి వదిలేస్తాను. చిత్తు కాగితం నీళ్ల పొయ్యిలోకి పోతుంది. మా ఇంటావిడ ఒకసారి అన్నది: "జరిగిందంత పొయ్యిల పడుతాంది, మంచిగ రాసింది బీరువాల పడుతాంది." మాట బాగుందని దాన్ని కూడా సాపుచేసి డైరీలో ఎక్కించాను.

క్లాసులోనూ ఇదే పద్ధతి. ఫిజిక్స్ ప్రాక్టికల్స్ చేసినవాళ్లకు తెలుసు. ల్యాబులో తీసుకున్న రీడింగులు ముందు అబ్జర్వేషన్ పుస్తకంలో, చాలాసార్లు పెన్సిలుతో, ఒక్కోసారి అరచేతి మీద కూడా రాస్తారు. ఇంటికెళ్లి వాటిని రికార్డు పుస్తకంలోకి అందంగా ఎక్కిస్తారు. లెక్చరరు సంతకం పెట్టేది ఆ రికార్డు మీద. కొట్టివేత ఉన్న రికార్డు మీద నా సర్వీసులో ఎప్పుడూ సంతకం పెట్టలేదు. పేజీ చింపి మళ్లీ రాయమనేవాణ్ని. పిల్లలు నన్ను తిట్టుకున్నా, వాళ్ల రికార్డులు చూసి, పరీక్ష పెట్టడానికి బయటి కాలేజీల నుంచి వచ్చినవాళ్లు మెచ్చుకుని వెళ్లేవారు.

నల్లగొండలో నేను పనిచేసిన డిగ్రీ కాలేజీకి ప్లేస్‌మెంట్ సెల్ అనేది తెలంగాణ వచ్చిన రెండు మూడేళ్ల తర్వాత వచ్చింది. దానికి ఇన్‌ఛార్జిగా నన్నే ఎందుకు వేశారని ప్రిన్సిపాల్‌ని అడిగాను. తాళం పడే బీరువా నా గదిలో ఒక్కటే ఉందట, పైగా నా రాత బాగుంటుందట. ఫ్యాక్టరీ అంటే అప్పటికి నాకు తెలిసింది కట్టంగూరు దాటాక హైవే మీద బస్సులోంచి కనిపించే రైసు మిల్లు. అయినా మూడు రంగుల ఫైళ్లు కొన్నాను. వాటి మీద పేర్లు రాశాను. లోపల పెట్టడానికి ఏమీ లేక చాలాకాలం అలాగే చూస్తూ కూర్చున్నాను.

అట్లాంటి రోజుల్లో వచ్చింది డాక్టరమ్మ.

డాక్టరమ్మ అన్నది స్టాఫ్‌రూమ్ పెట్టిన పేరు. ఒకప్పుడు మా కాలేజీలోనే బీఎస్సీ చేసింది, నా విద్యార్థి. మోత్కూరు పక్కన ఒక ఊళ్లో మగ్గం నేసే ఇంటి పిల్ల. హైదరాబాదులో ఉండి, పొడి పదార్థాల మీద ఎక్స్‌రేలు వేసి వాటిలో అణువులు ఎలా పేర్చుకుని ఉన్నాయో కనుక్కునే విద్యలో డాక్టరేటు తీసుకుంది. తర్వాత మా దగ్గరే గెస్ట్ లెక్చరరుగా చేరింది. గెస్ట్ అంటే నిజంగా గెస్టే. ఎండాకాలం రాగానే వెళ్లిపోవాలి. కాలేజీ తెరిచాక మళ్లీ పిలుస్తారో లేదో తెలియదు. ఆ ఏడు ఫిజిక్స్‌లో చేరినవాళ్లు తగ్గారు, గెస్ట్ పోస్టు ఎత్తేస్తారని మాట వచ్చింది. ఆమెకు అప్పటికి ముప్పైమూడేళ్లు. తండ్రికి కళ్లు మందగించి దారం మీది ముడులు సరిగా కనిపించడం లేదు. కంపెనీలోకి కొత్తగా చేరడానికి ఆ వయసు ఇప్పటికే ఎక్కువ, ఇంకో రెండేళ్లయితే దరఖాస్తు కూడా చూడరు. ఇవన్నీ ఆమె నాకు చెప్పలేదు. ఒకరోజు నా గదికొచ్చి, "సార్, మీ దగ్గర కంపెనీలకు సంబంధించిన ఫైలేదన్న ఉందంట గద" అన్నది. ఆ ఖాళీ ఫైలు తెరిచి చూపించడానికి నాకు సిగ్గేసింది.

దారి చూపింది కెమిస్ట్రీ సారు. నాకంటే పదేళ్లు చిన్నవాడు, నోరు ఊరుకోదు. ఆయన దగ్గర చదివిన ఒకరు జడ్చర్ల దగ్గర మాత్రలు తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేస్తున్నారు. అక్కడ కొత్తగా ఎక్స్‌రే యంత్రం కొన్నారని, దాన్ని అర్థం చేసుకోగల మనిషి కోసం వెతుకుతున్నారని ఆయనకు కబురొచ్చింది. ఒకే మందు పొడిలో అణువుల పేర్పు మారితే అది కడుపులో కరిగే తీరు మారుతుంది. ఆ పేర్పును చూసి చెప్పేవాళ్లు కావాలి. అదే ఆమె ఆరేళ్లు చేసిన పని.

"ఇగ మీదే ఆలస్యం అన్నా. మనం జిందగీల ఫ్యాక్టరీ గేటు లోపటికి పోలే. ఈ పిల్లకు ఏం నేర్పిద్దాం?" అన్నాడు కెమిస్ట్రీ సారు.

నేర్పడం నాకు అలవాటే. ఏం నేర్పాలో తెలియకపోవడమే కొత్త. ఇరవై రోజులకు టైంటేబుల్ వేశాను. ఆమె బయోడేటా తెచ్చింది, పదకొండు పేజీలు. అందులో ఏ సదస్సులో ఏ పేపరు చదివిందో, ఏ పేపరు ఎవరితో కలిసి రాసిందో అన్నీ ఉన్నాయి. నాకు చాలా నచ్చింది. కెమిస్ట్రీ సారు తన శిష్యుడికి ఫోన్ చేసి కనుక్కున్నాడు. రెండు పేజీలు దాటితే ఎవరూ చదవరట. ఆరేళ్ల పనిని రెండు పేజీల్లో పెట్టడానికి మాకు నాలుగు రోజులు పట్టింది. తీసేసిన ప్రతి వాక్యానికీ ఆమె ముఖం చిన్నబోయింది. ఆ ఎక్స్‌రే యంత్రాన్ని ఎన్నిసార్లు విప్పి సరిచేసిందో మాత్రం బయోడేటాలో ఒక్క ముక్క లేదు. అది పరిశోధన కాదు గదా అన్నది. కంపెనీకి కావాల్సింది ఆ ముక్కేనని మా ఇద్దరికీ తట్టలేదు. ఫోన్‌లో శిష్యుడే చెప్పాడు.

తర్వాత ఇంటర్వ్యూ ప్రాక్టీసు. కెమిస్ట్రీ సారు కంపెనీవాడిలా కూర్చుని అడిగేవాడు. ఈ పొడి మంచిదా కాదా అంటే ఆమె, కొలతలో ఉండే అనిశ్చితిని బట్టి చెప్పాలి, ఇంకా కొన్ని ప్రయోగాలు చేయాలి, అనేది. ఆయన తల పట్టుకునేవాడు. "అమ్మా, లారీ గేటు కాడ నిలబడ్డది. ఎక్కియ్యాల్నా వద్దా?" అనేవాడు. ఆమె నా వైపు చూసేది. ఆమె జవాబే సరైనదని నాకు లోపల అనిపించేది. పైకి మాత్రం, లారీ గురించి ఆలోచించు అనేవాణ్ని. ఆ ఇరవై రోజుల్లో ఎవరు ఎవరికి ఏం నేర్పుతున్నామో నాకు సరిగా అర్థం కాలేదు. డైరీలో మాత్రం ప్రతిరోజూ 'శిక్షణ సంతృప్తికరంగా సాగింది' అని ఉంది.

కెమిస్ట్రీ సారు శిష్యుడు ఒక చిన్న పుస్తకం పంపించాడు. మందుల ఫ్యాక్టరీలో కాగితాలు ఎలా రాయాలన్న నియమాలు. శ్రద్ధగా చదివాను. 'పని చేసినప్పుడే, చేసినచోటే, చేసినవారే రాయాలి' అని ఒక వాక్యం ఉంది. దాని కింద ఎర్ర గీత గీసి, పక్కన 'మన పద్ధతే' అని రాశాను. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఆ రెండు మాటలు చూసినప్పుడల్లా చెవులు వేడెక్కుతాయి.

ఎందుకంటే ఆ మర్నాడే మా ల్యాబులో తూకం ప్రాక్టీసు పెట్టాను. ఒకే బిళ్లను పదిసార్లు తూచి రాయాలి. పట్టిక గీసిన కాగితం ఇచ్చాను. ఆమె ఆ పుస్తకం చదివే వచ్చింది. తూచి, సీదాగా పట్టికలోనే రాయడం మొదలుపెట్టింది. నాలుగో అంకె తప్పు పడింది. కొట్టేసి పక్కన రాసింది.

"ఏందమ్మా ఇది?" అన్నాను.

"సీదా దీంట్లనే రాయాలేమో సార్. పుస్తకంల అట్లనే ఉంది గద."

"ఎదుటివాళ్లకు ఇచ్చే కాగితం మీద కొట్టివేతలా? ముందు చిత్తుల రాసుకో. సరి చూసుకుని ఇందులో ఎక్కించు. నీకు బీఎస్సీలనే చెప్పిన."

ఆమె ఒక్క క్షణం ఆగింది. ఆ ఆగడం నాకు బాగా గుర్తుంది. తర్వాత కొత్త కాగితం తీసుకుని, నేను చెప్పినట్టే చేసింది. ముత్యాల్లాంటి రాత. సంతోషించాను.

ఇంటర్వ్యూ రోజున నేనూ వెంట వెళ్లాను. మా విద్యార్థులు ఏటా ఆ ఫ్యాక్టరీని చూసిరావడానికి ఒక ఒప్పందం కుదిరింది, దాని మీద సంతకాలు కూడా అదే రోజు పెట్టుకున్నాం. తెల్లవారుజామున నల్లగొండలో బస్సెక్కి, దేవరకొండలో ఒకసారి, కల్వకుర్తిలో ఒకసారి మారి జడ్చర్ల చేరాం. దారిలో ఆమె పెద్దగా మాట్లాడలేదు. దేవరకొండలో ఇడ్లీ తిన్నాం. పోస్టు వస్తే తండ్రిని హైదరాబాదులో కంటి దవాఖానకు తీసుకుపోతానన్నది. రాకపోతే ఏం చేస్తుందో చెప్పలేదు. నేనూ అడగలేదు.

గేటు దగ్గర ఫోన్లు తీసుకున్నారు. లోపలికి విడి కాగితాలు తీసుకుపోవద్దన్నారు. ఇద్దరికీ తలో గేట్ పాసు ఇచ్చారు. తెల్ల చొక్కాలు, తలకు టోపీలు, చెప్పుల మీద సంచులు. నా జేబులో చిత్తు కాగితం ఉండిపోయింది. పైన తెల్ల చొక్కా ఉండడంతో ఎవరూ చూడలేదు.

కాలేజీ తరఫున వచ్చానని నన్నూ లోపల కూర్చోనిచ్చారు. మాటలతో చేసిన ఇంటర్వ్యూ బాగా అయింది. యంత్రం విప్పి సరిచేసిన సంగతి చెప్పగానే ఎదుటివాళ్లు కుర్చీల్లో ముందుకు జరిగారు. లారీ ప్రశ్నలాంటిదే ఒకటి వచ్చింది. ఎక్కించొద్దు, గంటలో మళ్లీ చూసి చెబుతా అన్నది. నా గుండె నిండింది. ఆ తర్వాత చేతిపని పరీక్ష. ఒక బిళ్లను పదిసార్లు తూచి, పట్టికలో రాయాలి. మా ల్యాబులో నేను చేయించిన పనే. ఆమెను గాజు డబ్బాలో ఉన్న తూనిక ముందు కూర్చోబెట్టి, నన్ను నాలుగడుగుల దూరంలో స్టూలు మీద కూర్చోబెట్టారు. ఒడిలో ఒప్పందం ఫైలు పెట్టుకుని చూశాను. చిత్తు కాగితం లేక ఆమె గేట్ పాసు వెనక రాసుకుంది. తర్వాత పట్టికలోకి ఎక్కించింది. అక్షరం అక్షరం అచ్చు వేసినట్టుంది. బాగా నేర్పాననుకున్నాను.

క్వాలిటీ విభాగం పెద్దాయన వచ్చాడు. యాభై దాటిన మనిషి, పాలమూరు మాట. పట్టిక చేతిలోకి తీసుకుని, రాత ముద్దుగా ఉందన్నాడు. తర్వాత తూనిక మీద ఒక మీట నొక్కాడు. పక్కనున్న చిన్న యంత్రం నుంచి సన్నటి కాగితం బయటికొచ్చింది. దాని మీద వేలు పెట్టి పైనుంచి కిందికి లెక్కపెట్టాడు. మళ్లీ ఒకసారి లెక్కపెట్టాడు.

"అమ్మా, నువ్వు పది రాసినవు. మిషన్ల పదకొండు ఉన్నయి. ఒకటి ఏడికి పోయింది?"

ఆమె జేబులోంచి గేట్ పాసు తీసి, వెనక్కి తిప్పి బల్ల మీద పెట్టింది. అందులో పదకొండు అంకెలు. మూడోదాని మీద గీత.

"మూడోది తీసేటప్పుడు డబ్బ తలుపు జర తెరిచి ఉండె సార్. ఏసీ గాలికి కదిలింది. అందుకే మళ్ల తూచిన."

"మంచిగ చేసినవు. గదే ముచ్చట పట్టికల రాస్తే ఎవరన్న కొడుతరా? మీది నుంచి ఒక గీత, పక్కన కారణం, సంతకం. ఐపోవు. మరి గేట్ పాసు మీద ఎందుకు రాసినవు?"

ఆమె గేట్ పాసును తన వైపు కొంచెం జరుపుకుంది.

"చిత్తుల రాసుకొమ్మని ఎవరు నేర్పిన్రమ్మా?"

ఆయన గొంతులో కోపం లేదు. ఎక్కడ నొప్పి అని అడిగినట్టు అడిగాడు. ఆమె నా వైపు చూడలేదు. చూసి ఉంటే నేను మాట్లాడేవాణ్ని అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను.

"అలవాటు సార్" అన్నది ఆమె.

నేను స్టూలు మీద కూర్చునే ఉన్నాను.

పెద్దాయన నా వైపు తిరిగి, మర్యాదగానే వివరించాడు. ఇక్కడ తప్పు పడితే దిద్దుకోవచ్చు, తప్పు కనపడకుండా చేస్తే మాత్రం ఆ మందు బయటికి పంపలేరట. తనిఖీకి వచ్చినవాళ్లు ఒక్క కొట్టివేత కూడా లేని కాగితం చూస్తే ముందు అనుమానపడేది దాన్నేనట. గేట్ పాసుకు జిరాక్స్ తీయించి ఆమె పట్టికకు జతచేశాడు. తప్పు చేసిన కాగితాన్ని కూడా పారేయరన్నమాట. నేను తలూపాను. నిజం చెప్పాలంటే, అందులో తప్పేమిటో ఆ నిమిషంలో నాకు పూర్తిగా అర్థం కాలేదు. చెడ్డ రీడింగు తీసేసి మంచి రీడింగు పెట్టడం జాగ్రత్త అవుతుంది గాని మోసం ఎట్లా అవుతుంది? ముప్పై ఏళ్లకు పైగా వేలమందికి నేను నేర్పింది అదే.

ఈ పోస్టుకు తీసుకోలేమని మధ్యాహ్నం చెప్పారు. ఒప్పందం మీద సంతకాలు మాత్రం జరిగాయి. నా రాత కూడా బాగుందన్నారు.

తిరుగు ప్రయాణంలో కల్వకుర్తి బస్టాండులో చాయ్ తాగాం. ఇంకో కంపెనీ చూద్దాంలే అన్నాను. ఆమె గ్లాసు చేతిలో తిప్పుతూ అన్నది: "ఆ మూడో రీడింగు చెడ్డది కాదు సార్. తలుపు తెరిచి ఉందని చెప్పింది అదొక్కటే."

నాకు అది కూడా వెంటనే అర్థం కాలేదు. చిత్తు కాగితంలో మాత్రం రాసుకున్నాను.

మర్నాడు పొద్దున ఎప్పటిలాగే సాపుచేయడానికి కూర్చున్నాను. ఒక వాక్యం రాశానో లేదో వంటింట్లో పాలు పొంగాయి. లేచి వెళ్లాను, వచ్చి మిగతాది రాశాను, కాలేజీకి వెళ్లిపోయాను. ఆరోజు చిత్తు కాగితం పొయ్యిలోకి పోలేదు. డైరీ పేజీల మధ్యే ఉండిపోయింది. ఆ సంగతి నాకు తెలియదు. ప్రిన్సిపాల్‌కు రిపోర్టు ఇవ్వడానికి వారం తర్వాత ఆ పేజీ తెరిస్తే, సాపు మీదనే చిత్తు పడి ఉంది.

డైరీలో ఇలా ఉంది: 'అభ్యర్థిని కొంత కంగారు వల్ల ప్రయోగ పరీక్షలో పొరపాటు చేసింది. ఒప్పందం విజయవంతంగా కుదిరింది.'

చిత్తులో ఇలా ఉంది: 'ఎవరు నేర్పిన్రు అని అడిగిండు. నేను మాట్లాడలేదు. ఆ పిల్ల కంగారు పడలేదు. కంగారు నాది.'

రెండూ నా చేతిరాతే. రెంటి మధ్యా ఒక్క రాత్రి ఉంది, అంతే. ఆ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకుని మళ్లీ మళ్లీ చదివాను. పదకొండో తూకం సంగతి నాకు అప్పుడు అర్థమైంది. తర్వాత బీరువాలో వరసగా నిలబడ్డ డైరీల వైపు చూశాను. వాటిలో ఎన్ని తూకాలు పోయాయో చెప్పగలిగిన కాగితాలన్నీ పొయ్యిలో కాలిపోయాయి.

ఆదివారం మోత్కూరు బస్సెక్కి వాళ్ల ఊరికి వెళ్లాను. ఆమె తండ్రి వసారాలో దారం పరిచి చిటికీ కడుతున్నాడు. రంగు ఎక్కకూడని చోటల్లా దారాన్ని సైకిలు ట్యూబు ముక్కతో బిగించి కట్టాలి. ముఖం దారానికి జానెడు దూరంలో పెట్టి, వేళ్లతో తడుముకుంటూ కడుతున్నాడు. ఆమె పక్కన కూర్చుని గుర్తులు చూపిస్తోంది. నేను వచ్చిన పని చెప్పాను. మీ అమ్మాయికి ఆ ఉద్యోగం పోయింది నావల్ల అన్నాను.

ఆయనకు ఏమీ అర్థం కాలేదు. "మీరేం చేసిన్రు సారూ? మంచిగనే నేర్పిన్రు గద" అన్నాడు.

చిత్తు, సాపు, పదకొండు తూకాలు, అంతా వివరించాను. ఆయన వింటూనే రెండు ముడులు కట్టాడు.

"మా పనిల చిత్తు ఏడుంటది సారూ. బొమ్మ కాయితం మీద ఉంటది. దారం మీద ముడి జారిందంటే జారినట్టే. రంగు ఎక్కినంక ఎవ్వడు తియ్యలేడు. గీడ ఒకటి జారింది అని చెప్పి ఇస్తం."

"చెప్తే తీసుకుంటరా?"

"కొందరు తీస్కుంటరు. కొందరు తీస్కోరు."

ఇంకేమైనా చెబుతాడేమోనని చూశాను. ఆయన మళ్లీ ముడి మీదికి వంగాడు.

బస్సు దాకా ఆమె వెంట వచ్చింది. నువ్వు సీదాగా రాస్తనన్నవు, నేనే వద్దన్న, ఆ మాట అక్కడ చెప్పాల్సింది నేను, అన్నాను. ఆమె కొంచెం నవ్వింది. "మీరు వద్దన్నరని నేనెందుకు ఆగిన సార్? డాక్టరేటు చేసినదాన్ని. పుస్తకంల ఏముందో నాకు తెలుసు. అయినా ఆగిన. వారం సంది గదే సోంచాయిస్తున్న." నన్ను క్షమించిందో, తప్పులో సగం తీసుకుందో, లేక నిజంగానే ఆ ప్రశ్న ఆమెను తొలుస్తోందో తెలియలేదు. అడుగుదామనుకునేలోపు బస్సు వచ్చింది.

ఆ సోమవారం క్వాలిటీ పెద్దాయనకు ఉత్తరం రాశాను. చిత్తు లేకుండా నేను రాసిన మొదటి ఉత్తరం అదే. ఆ అలవాటు నాదేనని, ఆమె సీదాగా రాయబోతే ఆపింది నేనేనని, మీరు అడిగినప్పుడు నాలుగడుగుల దూరంలో ఉండి మాట్లాడలేదని రాశాను. రాస్తుంటే మూడుచోట్ల తప్పులు పడ్డాయి. కాగితం చింపేయాలని వేళ్లు లాగాయి. ఒక్కొక్క గీత గీసి, పక్కన సంతకం పెట్టి పోస్టులో వేశాను.

పదిరోజుల తర్వాత పెద్దాయన ఫోన్ చేశాడు.

"సార్, మీ ఉత్తరం అందింది. మూడు కొట్టివేతలున్నయి. సంతకాలు రెండే ఉన్నయి."

ఆయన నవ్వాడు. తానూ మహబూబ్‌నగర్‌లో డిగ్రీ చదివినవాడేనట. తన రికార్డు కూడా ఒక సారు రెండుసార్లు చింపించాడట. ఆ పోస్టు మాత్రం అప్పటికే నిండిపోయింది. ఇంకోటి వస్తే పిలుస్తానన్నాడు. అట్లాంటి మాటలు చాలామంది అంటారు గనక ఆమెకు చెప్పలేదు.

ఆ ఎండాకాలంతో ఆమె గెస్ట్ పోస్టు పోయింది. ఏడెనిమిది నెలలు ఇంటి దగ్గరే ఉండి తండ్రికి చిటికీ పనిలో సాయం చేసింది. కెమిస్ట్రీ సారు తన ల్యాబులోని పాత తూనికను ఆమెకోసం బాగుచేయించాడు. వారానికోసారి వచ్చి, పెన్నుతో, సీదాగా, కొట్టివేతలతో సహా రాయడం సాధన చేసేది. నేను పక్కన కూర్చుని ఏమీ అనకుండా ఉండడం సాధన చేసేవాణ్ని. కొట్టివేత పడినప్పుడల్లా నా చెయ్యి లేచేది. "అన్నా, చేతులు కట్టుకోండ్రి" అనేవాడు కెమిస్ట్రీ సారు.

చివరికి క్వాలిటీ పెద్దాయన నిజంగానే పిలిచాడు. మొదట అడిగిన పోస్టు కాదు, అంతకంటే ఒక మెట్టు కింద. ఆమె చేరింది. మొదటి సెలవులకే తండ్రి కళ్లు చూపించింది. ఆమెను తీసుకున్నందుకు కృతజ్ఞతలు చెబుదామని నేను పెద్దాయనకు ఫోన్ చేసి, నా ఉత్తరం కొంత పనిచేసినట్టుంది అన్నాను. "మీ ఉత్తరం చూసి కాదు సార్. గేట్ పాసు అడిగితే దాచలే, చింపలే. తీసి ముంగట పెట్టింది. గదే చూసి పిలిచిన" అన్నాడు. అంటే ఆమెకు ఉద్యోగం వచ్చింది ఆ ఇంటర్వ్యూ రోజే ఆమె చేసిన పనివల్ల, నాకు అదే నాలుగడుగుల దూరంలో. మరి నా ఇరవై రోజుల శిక్షణ ఆమెను ఎంత ముందుకు తీసుకుపోయిందో, ఎంత వెనక్కి లాగిందో నాకు ఈనాటికీ లెక్క తేలలేదు. సలహా అడిగిన పిల్లలు ఇందులోంచి ఏం తీసుకోవాలో నేను చెప్పలేను. బయోడేటా మాత్రం రెండు పేజీలు దాటనివ్వకండి.

ఇది రాయడానికి కూర్చునే ముందు ఆ ఏటి డైరీ బయటికి తీశాను. 'అభ్యర్థిని కొంత కంగారు వల్ల' అన్న వాక్యం మీద, కింద అక్షరాలు కనబడేలా ఒక్క గీత గీశాను. పక్కన, 'ఎవరు నేర్పారని అడిగితే నేను మాట్లాడలేదు' అని రాశాను. సంతకం పెట్టి, తేదీ వేశాను. ఫ్యాక్టరీ కాగితాల్లో సరిచూసినవారి సంతకం కూడా ఉంటుంది. మొన్న ఆదివారం డాక్టరమ్మ ఇంటికొచ్చింది. ఇప్పుడు అక్కడ కొత్తగా చేరినవాళ్లకు రాత పద్ధతులు నేర్పేది ఆమే. డైరీ ముందుపెట్టి, సరిచూసి సంతకం పెట్టమన్నాను.

పెన్ను తీసుకుంది. మెల్లగా చదివింది. పెన్ను కింద పెట్టింది.

"కారణం రాయలే సార్."

నిజమే. దిద్దుబాటు పక్కన కారణం ఉండాలి. ఆమె చూస్తుండగానే 'అర్థం కాలేదు' అని రాశాను. కాసేపు దాన్ని చూసి, గీత గీసి, పక్కన 'భయం' అని రాశాను. ఇప్పుడు ఆ గీతకు కూడా కారణం రాయాలని ఆమె చెప్పింది. నాకు తోచలేదు. మా ఇంటావిడ చాయ్ తెచ్చింది. ఇంకేవో మాట్లాడుకున్నాం. బస్సు వేళైంది.

సంతకం పెట్టకుండానే వెళ్లింది. కారణం దొరికినప్పుడు ఫోన్ చేయమన్నది.